కార్డు మీద రెండో పేరు

పోయిన వారం లియోనా షిమాన్‌స్కీని మనం క్రెడిట్ యూనియన్ అనే సహకార బ్యాంకు గాజు తలుపు ముందు వదిలి వచ్చాం. ఆమె చేతిసంచిలో పదకొండు రంగురంగుల కవర్లున్నాయి. భర్త రోమన్‌తో కలిసి అమెరికాలో సరస్సు ఒడ్డునున్న ఈరీ ఊళ్ళో ఇరవై ఆరేళ్ళు నడిపిన బౌలింగ్ హాలు మూతపడి, కోర్టులో దివాలా తీసి అప్పటికి రెండేళ్ళు దాటింది. దివాలా తీర్పు వచ్చిన నెలలోనే రోమన్ "ఫ్లోరిడాలో తమ్ముడి దగ్గర పని చూసుకుని నిన్ను పిలిపిస్తా" అని బస్సెక్కాడు. పిలిపించలేదు. హాలు నిలబెట్టుకోవడానికి అప్పిచ్చి నష్టపోయిన వాళ్ళలో లియోనా సొంత అక్క తెరీసా కూడా ఉంది. దివాలా తీసినప్పటి నుంచి ఆమె చెల్లెలితో మాట్లాడలేదు. ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టే పనికి కుదిరిన లియోనా, తన యాభై తొమ్మిదో ఏట, మళ్ళీ తన పేరు మీద ఒక క్రెడిట్ కార్డు తీసుకోవాలని నిశ్చయించుకుంది. ఆ నిశ్చయం ఆమెను తలుపు దాకా తెచ్చింది. లోపలికి మాత్రం వెనకాల వచ్చిన ఎవరో "వెళ్తారా, నిలబడతారా?" అని విసుక్కుంటే గానీ అడుగు పడలేదు.

మార్చి పద్నాలుగు, శనివారం. సరస్సు మీద మంచు ఇంకా కరగలేదు. లోపల హీటరు గుర్రుమంటోంది. కార్డుల వ్యవహారం చూసే మార్విన్ హాస్కెల్ జలుబుతో ముక్కు తుడుచుకుంటూ ఆమెను కూర్చోమన్నాడు. లియోనా కవర్లన్నీ తీసి బల్ల మీద పరిచింది.

"ఇవన్నీ నాకే వచ్చాయి. పాయింట్లు ఇస్తారట, డబ్బు వెనక్కి ఇస్తారట. ఏది మంచిదో మీరే చెప్పండి."

మార్విన్ కవర్లను పేక ముక్కల్లా ఒక్కొక్కటే తిరగేశాడు. తిరగేస్తూనే చెత్తబుట్టను కాలితో దగ్గరికి లాక్కున్నాడు.

"లియోనా గారూ, దివాలా తీశాక వీళ్ళకి మీమీద ఎందుకింత ప్రేమ పుట్టిందో తెలుసా?"

"నా పేరు పెట్టి రాశారు. 'ప్రియమైన లియోనా' అని."

"ఒకసారి దివాలా తీసినవాళ్ళు మళ్ళీ ఎనిమిదేళ్ళ దాకా అలా తీయడానికి వీల్లేదు. అంటే మీరు తప్పించుకోలేరని వాళ్ళకి తెలుసు. ఇదిగో, దీనికి ఏడాదికి తొంభై తొమ్మిది డాలర్లు ఫీజు. ఇచ్చే పరిమితేమో మూడొందలు. చెత్తబుట్టకి. దీని వడ్డీ చూడండి, నూటికి ముప్పై ఆరు. ఇదీ బుట్టకే."

లియోనా తలూపింది. ఆ కవర్లను ఆమె రెండేళ్ళుగా దాస్తోందని, పని నుంచి తిరిగి వచ్చాక పోస్టు డబ్బాలో తన పేరుతో కనిపించే ఉత్తరాలు అవి మాత్రమేనని మార్విన్‌కి తెలియదు. ఒక్కోటి బుట్టలో పడుతుంటే ఆమెకు పరిచయస్తులను బయటికి గెంటేస్తున్నట్టుగా ఉంది. నీలం రంగు కవరు వంతు వచ్చేసరికి చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇది ఉంచండి. దీంట్లో విమానం టికెట్టుంది."

మార్విన్ చదివాడు. "ఊఁ. ఏడాదిలో ఇంత ఖర్చు పెడితే మీతో తోడుగా వచ్చేవాళ్ళకి టికెట్టు ఉచితం. ఎవరితో వెళ్దామనుకుంటున్నారు?"

మామూలుగా అడిగిన ప్రశ్నే. లియోనా తనకు తెలిసినవాళ్ళను ఒక్కొక్కరినే తలుచుకుంది. లాండ్రీలో పక్క బల్ల దగ్గర పనిచేసే ఆమె పేరు కూడా సరిగా గుర్తు రాలేదు.

"ఇంకా అనుకోలేదు," అంది.

మార్విన్ ఆ కవరును బుట్టలో వేయలేదు. మెల్లగా పక్కన పెట్టాడు.

"నా మాట వినండి. పాయింట్లనేవి నెల నెలా బాకీ పూర్తిగా కట్టేసేవాళ్ళకే లాభం. ఒక్క నెల తప్పితే వాళ్ళిచ్చిందంతా వడ్డీ కింద వాళ్ళే లాక్కుంటారు. మా దగ్గర రెండున్నాయి. మొదటిది డిపాజిట్ కార్డు. మీరు మూడొందలు మా దగ్గర ఉంచితే మూడొందల దాకా వాడుకోవచ్చు. కొన్నదాని మీద నూటికి ఒకటి వెనక్కి వస్తుంది. రెండోది మామూలు కార్డు. సరుకులకీ పెట్రోలుకీ నూటికి మూడు వెనక్కి. ఫీజు లేదు. కానీ అది దివాలా మచ్చ ఉన్నవాళ్ళకి దొరకడం కష్టం. మీ రిపోర్టు తెప్పిస్తా, చూద్దాం."

కంప్యూటరు వైపు తిరిగాడు. కాసేపయ్యాక ముక్కు తుడుచుకోవడం ఆపేశాడు.

"ఏమైంది?" లియోనా ముందుకు వంగింది. "ఇంకా ఏమైనా మిగిలాయా? లాయరు అన్నీ పోయాయన్నాడే."

"చెడ్డదేం కాదు. స్కోరు ఆరొందల డెబ్బై ఒకటి ఉంది. నేను ఐదొందల చిల్లర అనుకున్నా." తెరను ఆమె వైపు తిప్పాడు. "ఇదిగో, ఈ ఖాతా మిమ్మల్ని మోస్తోంది. పదకొండేళ్ళ నాటిది. ఒక్క నెల కూడా ఆలస్యం లేదు."

"నాకు ఖాతా ఏదీ లేదండీ. అన్నీ కోర్టులోనే పోయాయి."

"ఇది మీది కాదు. వేరే ఎవరిదో. వాళ్ళ కార్డులో మీ పేరు కూడా చేర్చారు. యాడ్ ఆన్ కార్డంటారు. కట్టే బాధ్యత మీకు లేదు కాబట్టి దివాలా దాని జోలికి పోలేదు. వాళ్ళు బుద్ధిగా కడుతుంటే ఆ మంచిపేరు మీ రిపోర్టులోకీ వస్తుంది. ఎవరో ఇక్కడ రాయరు. పదకొండేళ్ళ కిందట, మార్చిలో మొదలైంది. గుర్తుందా?"

లియోనాకు గుర్తొచ్చింది. ఆ మార్చిలోనే అమ్మకు మొదటిసారి పక్షవాతం వచ్చింది. అక్కాచెల్లెళ్ళు వంతులు వేసుకుని అమ్మ దగ్గర ఉండేవారు. ఎవరు దగ్గరుంటే వాళ్ళు మందులు కొనేలా తెరీసా తన కార్డు మీదే చెల్లెలికీ ఒకటి తెప్పించింది. సెప్టెంబరు పద్నాలుగున అమ్మ పోయింది. ఆ కార్డు సంగతి లియోనా మరిచిపోయింది.

తెరీసా మరిచిపోయే మనిషి కాదు. కూరగాయల రసీదులు కూడా ఏళ్ళకేళ్ళు దాచే మనిషి.

"వాళ్ళు నా పేరు తీసెయ్యాలనుకుంటే?" అని అడిగింది.

"ఒక్క ఫోను చాలు. అప్పుడు మీ స్కోరు పడిపోతుంది, మీరు డిపాజిట్ కార్డు దగ్గరికి వచ్చేస్తారు. ఇవాళే సంతకం పెడితే మాత్రం మూడు శాతం కార్డు వచ్చేలా ఉంది." మార్విన్ దరఖాస్తు ముందుకు జరిపి, కాస్త గొంతు తగ్గించాడు. "సలహా అడిగితే చెప్తా. వాళ్ళని కదిలించకండి. సంతకం పెట్టి ఇంటికెళ్ళండి."

లియోనా పెన్ను తీసుకుంది. పేరులో మొదటి అక్షరం దాకా రాసి ఆగిపోయింది.

"గంటలో వస్తా," అంది.

"పన్నెండున్నరకి మూసేస్తాం."

"సరే."

*

ఈస్టరు ముందు ఉపవాస దినాల్లో ప్రతి శనివారం చర్చి కింది హాల్లో ఆడవాళ్ళు పిరోగీలు చేసి అమ్ముతారు. ఉడికిన బంగాళాదుంప, జున్ను కలిపిన ముద్దను పిండి బిళ్ళల్లో పెట్టి, మడిచి, అంచులు వేళ్ళతో నొక్కుతారు. లియోనా పన్నెండో ఏట నుంచి అక్కడ నొక్కింది. ఈ రెండేళ్ళుగా ఆ మెట్లు దిగలేదు. దివాలా కాగితాల్లో ఎవరెవరి బాకీలు ఎగిరిపోయాయో ఆ హాల్లో అందరికీ తెలుసు.

ఉల్లిపాయలు వెన్నలో వేగే వాసన మెట్ల మీదే ఎదురొచ్చింది. ఎనభై ఏళ్ళ బెర్నడెట్, ఆ వంటింటికి మకుటం లేని మహారాణి, గరిటె పట్టుకుని చూసింది.

"ఎవరూ, లియోనావా? చచ్చిపోయావేమో అనుకున్నా. చచ్చిపోతే కబురు వచ్చేదేలే. చేతులు కడుక్కో, రెండొందల డజన్లు ఆర్డరు ఉంది."

"నేను తెరీసాతో ఒక్క మాట..."

"మాట నోటితో కదే, చేతులు ఖాళీయేగా? కడుక్కో."

చివరి బల్ల దగ్గర తెరీసా ఒక్కతే ఉంది. అరవై ఆరేళ్ళు. మోకాలి కింద దిండు, తలకు వల. సూపర్ మార్కెట్లో మాంసం ముక్కలు కోసే కౌంటర్ దగ్గర ఇంకా నిలబడి పనిచేస్తోంది. రిటైరు కావడానికి దాచుకున్న పద్దెనిమిది వేలు బౌలింగ్ హాలుతో పాటే పోవడంతో ఆ మోకాలికి విశ్రాంతి లేకుండా పోయింది. చెల్లెలు ఎదుటి కుర్చీలో కూర్చున్నా తలెత్తలేదు. కానీ పిండి బిళ్ళల పళ్ళెం కొద్దిగా ఇటు జరిపింది.

ఇద్దరూ నొక్కారు. ఆరు, ఏడు, ఎనిమిది. లియోనా చేతులకు పాత లెక్క గుర్తుంది. నోటికే ఏదీ అందడం లేదు.

"నీ కార్డులో నా పేరుందట," అంది చివరికి.

"ఏ కార్డు?"

"అమ్మ మందుల కార్డు."

తెరీసా ఒక అంచును అవసరమైన దానికన్నా గట్టిగా నొక్కింది. "ఉంచమని అడగడానికొచ్చావా, తీయమని అడగడానికొచ్చావా?"

"ఎందుకు తీయలేదో అడుగుదామని వచ్చా."

"ఓహో. రెండేళ్ళకి నోరొచ్చింది."

"తెస్..."

"తెస్ అని పిలవకు. నీ కాగితాల్లో తెరీసా మారీ డొంబ్రోవ్‌స్కీ అని రాశావుగా. అప్పిచ్చినవాళ్ళ జాబితాలో పదకొండో నంబరు. నాకు ముందు పాప్‌కార్న్ మిషను కంపెనీ, నా తర్వాత చెత్త లారీ వాళ్ళు. పని నుంచి వచ్చి, బూట్లు కూడా విప్పకుండా ఆ కవరు చింపా. కోర్టు నుంచి కదా, ఏం కొంప మునిగిందో అని." గొంతు పెరిగింది. బెర్నడెట్ స్టవ్ దగ్గర నుంచి తొంగి చూసి మళ్ళీ తిరిగిపోయింది. "డబ్బు పోతే పోయిందే. నువ్వు ఫోను చేసి 'తెస్, మునిగిపోయాం, నీదీ పోయింది' అని ఏడిస్తే నేనూ ఏడ్చేదాన్ని. నా చెల్లెలు నాకు చెప్పలేదు. కోర్టు చెప్పింది."

లియోనా చేతిలోని పిండి బిళ్ళ చిరిగింది.

"లాయరు అందరి పేర్లూ రాయాలన్నాడు. రాశాక నీకు ఫోను చేశా. మోగగానే పెట్టేశా."

"తెలుసు. మూడుసార్లు. మిస్డ్ కాల్ అని పడదా? నాలుగోసారి చేస్తావని స్నానానికి కూడా ఫోను పట్టుకెళ్ళా."

లియోనా చిరిగిన బిళ్ళను ముద్ద చేసి, మళ్ళీ విప్పి, మళ్ళీ ముద్ద చేసింది.

"మరి నా పేరు?" అంది.

తెరీసా ఈసారి తలెత్తింది. ముఖంలో కోపం కొద్దిగా పక్కకి తప్పుకుంది.

"తీయిద్దామనే ఫోను చేశా. ఆ కవరు వచ్చిన వారమే. బ్యాంకు అమ్మాయి ఏమందంటే, 'మేడమ్, రెండో కార్డు మీద ఒక ఖర్చు ఉంది, అది మీదేనా?' అంది. ఏం ఖర్చే అంటే, పూల కొట్టు. పదిహేను డాలర్లు. పద్నాలుగో తారీకు." గొంతు మెత్తబడింది. "అమ్మ పోయింది పద్నాలుగున కదా. నాదే, పేరు తీయొద్దు అని పెట్టేశా."

లియోనా పిండి ముద్దను బల్ల మీద పెట్టేసింది.

"ఆ తర్వాత ప్రతి నెలా అంతే. పద్నాలుగు, పూల కొట్టు, పదిహేను డాలర్లు. ఈ మోకాలితో ఆ శ్మశానం గుట్ట నేనెక్కలేను. పోనీలే, అది వెళ్తోంది అనుకునేదాన్ని. అక్కతో మాట్లాడటానికి ముఖం లేకపోయినా అమ్మ దగ్గరికి వెళ్తోందిలే అనుకున్నా." తెరీసా మణికట్టుతో ముక్కు తుడుచుకుంది, బుగ్గ మీద పిండి అంటింది. "బిల్లు రాగానే మొదట ఆ ఒక్క లైను కోసమే చూసేదాన్ని, లియో. ఆ నెల నువ్వు బతికే ఉన్నావని నాకు తెలిసేది దాంతోనే. పోనీ ఇవాళ వచ్చావు. అమ్మకి ఇవాళ్టి పూలు తీసుకెళ్ళావా? నేనూ డబ్బిస్తా, పెద్ద గుత్తి తీసుకో."

లియో. ఆ పిలుపు విని రెండేళ్ళయింది. 'తీసుకెళ్ళా' అంటే చాలు. అక్క చెయ్యి బల్ల మీద అడుగు దూరంలోనే ఉంది. మూడు శాతం కార్డు వస్తుంది, ప్రతి శనివారం ఈ కుర్చీ ఉంటుంది, ఈస్టరు భోజనానికి ఒక కంచం ఉంటుంది. గది గోడలతో మాట్లాడుకునే ఆదివారాలు తప్పుతాయి. ఎవరికీ నష్టం లేని అబద్ధం.

కానీ ఎదురుగా ఉన్నది, తన పేరు ఉన్న ఆ ఒక్క లైను కోసం నెల నెలా బిల్లు విప్పిన మనిషి.

"ఆ పూలు నేను కొనలేదు, తెస్."

"ఏంటి?"

"నా దగ్గర ఆ కార్డే లేదు. రెండేళ్ళుగా అమ్మ దగ్గరికి ఒక్కసారి కూడా వెళ్ళలేదు. గేటు దాకా వెళ్ళి తిరిగొచ్చేశా. అమ్మ దాచుకోమన్న నీ డబ్బు పోగొట్టి ఏ ముఖంతో వెళ్ళను?"

తెరీసా ముఖం నెమ్మదిగా రాయిలా అయిపోయింది. ఆమె కళ్ళ ముందు ఆ రెండేళ్ళ బిల్లులన్నీ ఒక్కసారిగా ఖాళీ అవుతున్నాయని లియోనాకు కనిపిస్తూనే ఉంది.

"ఒక్క మాట... ఔనని అబద్ధం చెప్పలేకపోయావా?" అంది తెరీసా, చాలా చిన్నగా.

"చెబుదామనుకున్నా."

తెరీసా కుర్చీ వెనక్కి నెట్టింది. వెళ్ళిపోతుందనుకుంది లియోనా. వెళ్ళలేదు. బల్లకు రెండు చేతులూ ఆనించి, ఉన్నట్టుండి అంది: "ఆగు. మూడేళ్ళ కిందట పాత కార్డుల గడువైపోయి కొత్తవి వచ్చాయి. నీది నేను మీ బౌలింగ్ హాలు అడ్రసుకి పోస్టు చేశా. అందలేదా?"

"లేదు."

"అక్కడ పోస్టు ఎవరు తీసేవాళ్ళు?"

లియోనా జవాబు చెప్పక్కర్లేకపోయింది. హాల్లో పొద్దున్నే తలుపు తీసేదీ, ఉత్తరాలు విప్పేదీ రోమనే. చివరి ఏడాదైతే బాకీల ఉత్తరాలు భార్య కంటపడకుండా దాచేవాడు కూడా.

"ఫ్లోరిడా నుంచి ఇక్కడి కొట్టులో పూలు కొంటాడా?" అంది లియోనా.

"కొంటాడో లేదో ఇప్పుడే తేలుతుంది." తెరీసా పిండి చేతుల్తోనే ఏప్రన్ జేబులోంచి ఫోను తీసింది. బిల్లు తెరిచి, కొట్టు పేరు పట్టుకుని, నంబరు నొక్కి, ఫోను పిరోగీల పళ్ళెం పక్కన పెట్టింది. స్పీకరులో రెండుసార్లు మోగింది.

"హలో, పూల కొట్టు." ఎవరో పెద్దాయన గొంతు.

"షిమాన్‌స్కీ పేరు మీద ఇవాళ ఏదైనా ఆర్డరు ఉందాండీ?" అంది తెరీసా.

"ఉందమ్మా. తెల్ల కార్నేషన్లు, ప్రతి నెలా ఉండేదేగా. కట్టి పెట్టేశా. ఆయన దారిలో ఉన్నానని ఇందాకే ఫోను చేశాడు."

"ఆయనంటే..."

"ఆయనేనమ్మా, రోమన్. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. భార్య కోసం తీసుకెళ్తాడు కదా, పాపం, ఆవిడకి ఒంట్లో బాగుండదట. నెల తప్పకుండా వస్తాడు. ఈ రోజుల్లో అలాంటి భర్త దొరకడండీ."

స్టవ్ దగ్గర బెర్నడెట్ గరిటె తిప్పడం ఆపేసింది. తెరీసా చెల్లెలి వైపు చూసింది. లియోనా ఫోను మీదికి వంగింది. ఇంతకాలం ఎవరూ లేరనుకుని తను ఒక్కతే భోంచేసిన ఊళ్ళోనే, ఏదో వీధిలో, అతను ఉన్నాడు.

"ఆయన మీకిచ్చే కార్డు మీది పేరు నాదేనండీ," అంది. "లియోనా షిమాన్‌స్కీని. ఆయన భార్యని."

అవతల తలుపుకి కట్టిన గంట మోగిన చప్పుడు.

"అమ్మా, మీరు ఆటపట్టిస్తున్నారా?" అన్నాడు పెద్దాయన, గొంతు తగ్గించి. "ఇదిగో, ఆయన ఇప్పుడే లోపలికొస్తున్నాడు. ఇవాళ ఆవిణ్ణి కూడా తీసుకొచ్చాడు. కారులో కూర్చుని ఉంది, అద్దంలోంచి నాకు కనబడుతోంది. ఆవిడ లియోనా అయితే... మరి మీరెవరు?"